మా వీధి మురుగు ఎక్కడికి పోతుంది?

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు వలిగొండకు దగ్గరలో, మూసీ ఒడ్డున ఉంటుంది. అక్కడ నదికి అడ్డంగా పాతకాలపు కత్వ, అంటే చిన్న ఆనకట్ట, ఒకటి ఉంది. దాని మీది నుండి నీళ్ళు దూకే చోట, వరద వచ్చిన రోజులు తప్ప ఏడాది పొడవునా తెల్లటి నురుగు పేరుకుని ఉండేది. గాలి వీస్తే ముద్దలు ముద్దలుగా లేచి పక్క మడుల్లో పడేది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు వెళ్ళి ఆ నురుగుతో ఆడుకుని, రాత్రంతా చేతులు గోక్కుంటూ అమ్మమ్మ చేత తిట్లు తిన్నాను. నాటు వేసి వచ్చిన ఆడవాళ్ళు కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుని వాకిట్లో కూర్చునేవారు. ఆ నీళ్ళతోనే రెండు కార్లూ వరి పండేది కనుక నదిని ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. నేను హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఊరికి వెళ్ళినప్పుడు, మా మేనమామ పొలం గట్టు మీద నిలబడి, "మీ పట్నపోళ్ళు కడుక్కున్న నీళ్ళేగా అల్లుడా మా మడిలకొచ్చేది" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టే చెప్పాడు.

ఆయన అన్న 'పట్నపోళ్ళ'లో నేను కూడా ఉన్నానని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2011లో నాగోలు వైపు ఒక అపార్ట్‌మెంటులో ఇల్లు కొనుక్కున్నాం. మొత్తం 42 ఇళ్ళు. నల్లా బిల్లుతో పాటు మురుగునీటి రుసుము కూడా ప్రతి నెలా కడుతున్నాం గనుక మా మురుగు భూమి కింది పైపులో పడి, శుద్ధి కేంద్రానికి చేరి, అక్కడ జరగవలసినది జరుగుతూ ఉంటుందని అందరం నమ్మాం. నిజానికి నమ్మాం అనడం కూడా ఎక్కువే; ఆ విషయం ఎవరికీ తట్టలేదు. 2019 వానాకాలంలో కింది అంతస్తు స్నానాల గదుల్లోకి మురుగు ఎదురుతన్నింది. పిలిపించిన ప్లంబరు మూతలన్నీ ఎత్తి చూసి, ఒక బకెట్టు నీళ్ళలో ఎర్రరంగు కలిపి మా ఇంటి లైనులో పోసి, "రండి సార్, ఎక్కడ తేలుతదో చూద్దాం" అంటూ వీధిలోకి నడిచాడు. మ్యాన్‌హోల్‌లో రంగు కనబడలేదు. ఆరేడు నిమిషాల తరువాత, వీధి చివర వాననీటి నాలాలోకి తెరుచుకున్న ఒక గొట్టం నోట్లోంచి ఎర్రటి నీళ్ళు ధారగా పడడం నేను కళ్ళారా చూశాను. ఆ నాలా మరికొంత దూరం పోయి మూసీలో కలుస్తుంది.

ఆ సాయంత్రం కాగితం తీసుకుని లెక్క వేశాను. మన దేశంలో నగరాల నీటి సరఫరాకు పెట్టుకున్న ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని ఇంజనీర్లు లెక్క కడతారు. ఇంటికి నలుగురు చొప్పున మా అపార్ట్‌మెంటు రోజుకు వదిలిన మురుగు దాదాపు 18 వేల లీటర్లు. ఎనిమిదేళ్ళకు 5 కోట్ల లీటర్ల పైచిలుకు. మా అమ్మమ్మ ఊరి కత్వ మీది నురుగులో నా సబ్బు, నా షాంపూ, మా ఇంటి బట్టల పొడి ఉన్నాయన్నది ఇక ఊహగా మిగలలేదు.

ఇంత సొంతకథ చెప్పడానికి కారణం ఉంది. నగరంలోని నదిని కాపాడుకోవడంలో ప్రజల భాగస్వామ్యం అనే మాట విన్నప్పుడల్లా మనకు ఒకే దృశ్యం గుర్తుకు వస్తుంది: ఆదివారం పొద్దున ఒడ్డున చేరిన యువకులు, చేతులకు తొడుగులు, నిండిన చెత్త సంచులు. నేనూ అటువంటి కార్యక్రమాలకు వెళ్ళాను, ఆ పిల్లల నిజాయితీని చూశాను, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు ఏమాత్రం లేదు. కాని నదిని చంపుతున్నది ప్రధానంగా కంటికి కనబడే చెత్త కాదు. మురుగులోని మలినాన్ని తిని బతికే సూక్ష్మజీవులు ఆ పని కోసం నీటిలో కరిగిన ప్రాణవాయువును వాడుకుంటాయి. మలినం ఎంత ఎక్కువైతే అవి అంతగా పెరిగి, నీటిలోని ఊపిరినంతా పీల్చేస్తాయి, చేపకు మిగలదు. స్నానానికి పనికివచ్చే నీటిలో ఈ ప్రాణవాయువు అవసరం, అంటే ఇంజనీర్లు బీఓడీ అని పిలిచేది, లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. 30 దాటిన నదీభాగాలను ఆ మండలి అన్నిటికంటే అధ్వానమైన మొదటి వర్గంలో చేరుస్తుంది. హైదరాబాదు దాటిన మూసీ ఆ వర్గంలో చేరిన నది. ఒడ్డున ఉన్న ప్లాస్టిక్ సంచులన్నీ ఏరివేసినా ఆ అంకె కిందికి దిగదు. అది దిగవలసింది మా వీధి చివరి గొట్టం దగ్గర.

మూసీ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నది సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్ దగ్గరి చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు, ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఆ విపత్తు తరువాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మేరకు మూసీ మీద 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927 నాటికి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపి, నగరానికి మంచినీళ్ళు ఇచ్చిన గొప్ప నిర్మాణాలవి. అయితే వాటి ఫలితంగా వానాకాలంలో గేట్లు ఎత్తిన రోజులు తప్ప మిగిలిన కాలమంతా నగరంలోని నదికి పైనుండి వచ్చే మంచినీటి ధార దాదాపు లేకుండా పోయింది. ఈ రెండు నదులూ కలిసే చోట, 1948లో గాంధీజీ చితాభస్మాన్ని కలిపిన బాపూఘాట్ సంగమం దగ్గర కూడా మండువేసవిలో నిలబడి చూస్తే, కిందికి పారుతున్నది మన వంటిళ్ళూ మరుగుదొడ్లూ పంపిన నీరే. ఇతర నగరాల్లో నదిలో మురుగు కలుస్తుందని అంటారు. ఇక్కడ ఏడాదిలో అధికభాగం మురుగే నది.

ఈ కారణం చేతనే, పైనుండి గోదావరి నీళ్ళు తెచ్చి వదిలితే మూసీ బాగుపడుతుందన్న ఆలోచన నన్ను పూర్తిగా ఒప్పించలేకపోతోంది. నదికి ధార కావాలి, ఆ మాట నిజమే. కాని ఎంతో దూరం నుండి, ఎంతో కరెంటు ఖర్చు పెట్టి ఎత్తిపోసి తెచ్చిన నీటిలో మళ్ళీ మా గొట్టమే వచ్చి కలిస్తే, పలచబడిన మురుగు తప్ప మరేమీ మిగలదు.

శుద్ధి కేంద్రాలు కడుతున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. 2021 నాటి లెక్క ప్రకారం గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ పరిధిలో రోజుకు 165 కోట్ల లీటర్ల మురుగు పుడుతుంటే, అప్పటికి ఉన్న 25 కేంద్రాలు శుద్ధి చేయగలిగింది 77 కోట్ల లీటర్లు, అంటే సగం కూడా కాదు. ఆ ఏడాదే మరో 31 కేంద్రాలను 3,866 కోట్ల రూపాయల అంచనాతో మంజూరు చేశారు. ఇది ఏ పౌర సంఘమూ చేయలేని పని. ప్రభుత్వం మాత్రమే చేయగలిగింది, చేయవలసింది. అయితే శుద్ధి కేంద్రం తన దగ్గరికి వచ్చిన నీటినే శుద్ధి చేస్తుంది. ఇంటి నుండి బయలుదేరిన మురుగు ముందు సరైన పైపులో పడాలి. వాననీటి నాలాలో పడిన దాన్ని నది ఒడ్డున అడ్డుకట్ట వేసి మళ్ళించే ఏర్పాటు ఉన్నా, ఒక గట్టి వాన పడితే ఆ అడ్డుకట్ట మీది నుండి అంతా నదిలోకే పోతుంది. మళ్ళినంతవరకూ మళ్ళిన నీటితో కలిసి వాననీరు కూడా కేంద్రానికి చేరి అక్కడి పనిని చెడగొడుతుంది. కేంద్రానికీ వంటింటికీ మధ్య వేల వీధులున్నాయి, లక్షల గొట్టాలున్నాయి. వాటిలో ఏది ఎటు పోతుందో ఏ కార్యాలయంలోని పటమూ పూర్తిగా చెప్పదు. వీధిలో ఉండేవాళ్ళు చెప్పగలరు. ప్రజల భాగస్వామ్యం నిజంగా మొదలు కావలసిన చోటు అదేనని నా నమ్మకం.

మా అపార్ట్‌మెంటు గొట్టాన్ని సరైన లైనుకు కలపడానికి నాలుగు నెలలు పట్టింది. తవ్వకానికీ, అనుమతికీ, కొత్త పైపులకూ కలిపి ఇంటికి ఎనిమిది వేల చిల్లర పడింది. ఇల్లు అమ్మిన బిల్డరుకు ఫోను చేస్తే కొన్నాళ్ళు రేపు అన్నాడు, తరువాత ఫోను ఎత్తలేదు. సంఘం సమావేశంలో ఒక పెద్దమనిషి లేచి, "మన నీళ్ళు సాఫీగా పోతే చాలు కదండీ, అవి ఎక్కడికి పోతే మనకెందుకు?" అని అడిగారు. ఆయన చెడ్డవాడు కాదు. వాచ్‌మన్ కూతురు చదువుకు ఏటా ఫీజు కట్టే మనిషి. ఆ ప్రశ్న ఆ గదిలో ఉన్న సగం మంది మనసులోనిదే గనుక దానికి నేను కోపంతో జవాబు చెప్పలేదు. మా మేనమామ పొలం ఫోటో చూపించాను. నాటు మడిలో నురుగు తేలుతున్న ఫోటో అది. డబ్బు ఇవ్వడానికి ఆ రోజే అందరూ ఒప్పుకున్నారని చెప్పను గాని, "మనకెందుకు" అన్న మాట మళ్ళీ ఎవరూ అనలేదు.

ఆ తరువాత మా వీధివాళ్ళం ఏడుగురం కలిసి, పొద్దుటి నడకను పార్కు నుండి నాలా గట్టుకు మార్చాం. ముక్కు మూసుకోవలసిన నడక అది. అయినా నెల తిరిగేసరికి నాలా పొడవునా, ఎండాకాలంలో కూడా నీళ్ళు కారుతున్న గొట్టాలన్నిటినీ కాగితం మీద గుర్తించగలిగాం. వాన లేని రోజున వాననీటి కాలువలోకి నీళ్ళు కారుతున్నాయంటే అది మురుగే. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. మొత్తం 46 గొట్టాలు తేలాయి. వాటిలో అపార్ట్‌మెంట్లున్నాయి, రెండు ఫంక్షన్ హాళ్ళున్నాయి, హోటళ్ళున్నాయి, పేదల ఇళ్ళ వరుస ఒకటి ఉంది. ఆ పేదల వరుసకు అసలు డ్రైనేజీ లైనే వేయలేదు. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. మిగిలిన వాళ్ళలో చాలామందికి, మాకు లాగే, విషయం తెలియదు.

ఈ నడకల వల్ల తెలిసిన ఇంకొక సంగతి ట్యాంకర్లు. అర్ధరాత్రి దాటాక సెప్టిక్ ట్యాంకు లారీలు వచ్చి నాలాలో గుమ్మరించి పోతున్నాయి. వాటిని ఆపింది పోలీసులూ కాదు, మేమూ కాదు. గట్టు మీద ఇస్త్రీ బండి పెట్టుకుని అక్కడే పడుకునే ఒక ఆమె. లారీ ఆగగానే లేచి కేక వేసి, మా ఫోన్లకు కబురు పంపేది. నాలుగోసారి తరువాత ఆ లారీలు మా నాలా దగ్గర ఆగడం మానేశాయి. ఇంకెక్కడ ఆగుతున్నాయో అన్న దిగులు నాకు ఉంది. ప్రతి నాలా గట్టునా అటువంటి కళ్ళు ఉంటే తప్ప ఆ దిగులు తీరదు.

అందుకే నది ఒడ్డున బతికే పేదలను నదికి శత్రువులుగా చూపించే మాటలు విన్నప్పుడు నాకు బాధ కలుగుతుంది. 2024లో మూసీ సుందరీకరణ కోసం చాదర్‌ఘాట్, మూసానగర్ వంటి బస్తీల్లో ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు వేసి, కొందరిని రెండు పడకగదుల ఇళ్ళకు తరలించినప్పుడు జరిగిన గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. నదిగర్భంలో ఇల్లు ఉండడం ప్రమాదమే. 1908 మాట అటుంచితే, 2020 అక్టోబరు వరద చూసిన వాళ్ళెవరూ ఆ మాట కాదనలేరు. ఇళ్ళు మార్చవలసి వస్తే అక్కడివాళ్ళతో కూర్చుని, వాళ్ళ పని దగ్గర, పిల్లల బడి దగ్గర మార్చాలి. అయితే నది మురికికి కారణం వాళ్ళేనన్న వాదన లెక్కకు నిలవదు. రోజుకు రెండు గంటలు నల్లా వస్తే బిందెలు నింపుకునే ఇంటి నుండి ఎంత మురుగు వస్తుంది? ఇరవై నాలుగు గంటలూ ట్యాంకు నిండి ఉండే మా ఇళ్ళ నుండి ఎంత వస్తుంది? నదిని రోజూ చూసేవాళ్ళను ఒడ్డు నుండి పంపించివేసి, నదిని ఎన్నడూ చూడని మా వంటి వాళ్ళకు అక్కడ నడకదారులు వేస్తే, లారీ వచ్చిన రాత్రి కేక వేసేవాళ్ళు ఉండరు.

పంజాబులోని కాళీ బేయీ నది సంగతి ఇక్కడ చెప్పాలి. గురునానక్ జీవితంతో ముడిపడిన ఆ 160 కిలోమీటర్ల చిన్న నది మురుగుతో, గుర్రపుడెక్కతో పూడిపోయి ఉంటే, 2000లో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ సుల్తాన్‌పూర్ లోధీ దగ్గర కరసేవ మొదలుపెట్టారు. వేలమంది గ్రామస్థులు నదిలోకి దిగి డెక్కను తీశారు. ఆ కథను అందరూ అక్కడి వరకే చెబుతారు. నాకు ముఖ్యంగా తోచేది ఆ తరువాతి భాగం. గ్రామాల మురుగును నదిలో పడనీయకుండా పైపుల్లో మళ్ళించి, గుంటల్లో నిలిపి, పొలాలకు పారించే ఏర్పాటును ఆయన ఊరూరా నేర్పారు. డెక్కను తీయడం ఒక్కసారి చేసే పని; మురుగును ఆపడం తరతరాలు సాగించవలసిన పని, అందుకే ఆయన ఏళ్ళ తరబడి దాని వెంట తిరగవలసి వచ్చింది. ఒక విషయంలో మాత్రం మనం ఆ దారిని అలాగే అనుసరించకూడదు. హైదరాబాదు నడిమధ్య మూసీలోకి గాని, నాలాలోకి గాని ఉత్సాహవంతులను దింపడం వాళ్ళ ఆరోగ్యంతో ఆడుకోవడమే. తగిన రక్షణ లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపడాన్ని చట్టం నిషేధించింది. సేవ పేరుతో కూడా ఆ పని జరగరాదు.

పన్ను కడుతున్నాం కదా, ఈ కాపలా మేమెందుకు కాయాలి అని అడిగేవారిలో న్యాయం ఉంది. పైపు వేయడం, కేంద్రం నడపడం, లారీ యజమానికి జరిమానా వేయడం ప్రభుత్వం పనులే. పౌరులు జీతం లేని పారిశుద్ధ్య సిబ్బందిగా మారాలని నేను అడగడం లేదు. కాని కట్టిన పన్ను పనిగా మారిందా అని చూడడం పన్నులో భాగం కాదు. అది మనం మాత్రమే చేయగలిగింది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి మూసీ నీటిని నాగోలు, వలిగొండ, వాడపల్లి వంటి చోట్ల పరీక్షిస్తుంది. మా వార్డు సమావేశంలో ఆ అంకెలను చదివి వినిపించమని అడిగాం. 74వ రాజ్యాంగ సవరణ పెద్ద నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెప్పి మూడు దశాబ్దాలు దాటింది; ఆ కమిటీలో దోమల గురించీ, రోడ్డు గుంతల గురించీ మాట్లాడినంత మామూలుగా బీఓడీ గురించి మాట్లాడుకోగలగాలి. ఆ సమావేశంలో దిగువ ఊళ్ళ రైతుకు కూడా ఒక కుర్చీ ఉండాలన్నది నా కోరిక. నది నగరంలో పారేది సుమారు 55 కిలోమీటర్లు. ఆ తరువాత వంద కిలోమీటర్లకు పైగా ఆ నీటితో వరి పండించి, పశువులకు పచ్చగడ్డి పెంచి, ఆ బియ్యాన్నీ పాలనూ తిరిగి మనకే పంపేవాళ్ళను అడగకుండా మూసీ మీద ఏ నిర్ణయం చేసినా అది సగం నిర్ణయమే. మురుగు ఆగాలంటే వాళ్ళ నీళ్ళు ఆగిపోవాలని కాదు. శుద్ధి అయిన నీరు వాళ్ళ కాలువకు చేరాలి.

పోయిన సంక్రాంతి తరువాత మా మేనమామ కంటి పరీక్ష కోసం వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులు ఉన్నాడు. ఒకరోజు పొద్దున నాతో పాటు నాలా గట్టు మీదికి నడిచాడు. మా పాత గొట్టం నోటికి సిమెంటు వేసి మూసిన చోటు చూపించాను. వంగి, చేత్తో తట్టి చూశాడు. ఇస్త్రీ బండి ఆమె ఇచ్చిన స్టూలు మీద కూర్చుని, కింద పారుతున్న నల్లటి నీళ్ళను చాలాసేపు చూసి, "గిసొంటివి ఇంకెన్నున్నయి అల్లుడా?" అని అడిగాడు. 46లో 17 మూతపడ్డాయి, ఇంకా 29 ఉన్నాయి అని చెప్పాను. ఇది మా ఒక్క నాలా లెక్క. తల ఊపి, "గా పక్కదాని మీద ఎవరన్న తిరుగుతున్నరా?" అన్నాడు. పక్క నాలా మా కాలనీకి కిలోమీటరున్నర దూరం. వచ్చే ఆదివారం అక్కడికి వెళ్తున్నాం. రంగు డబ్బా, బకెట్టు ప్లంబరు తెస్తానన్నాడు.